గులాబీ పెంచాలా, పొట్టి పండ్ల చెట్టు నాటాలా? పెరటికి ఏది తగును?

పెరట్లో కాస్త జాగా, రోజుకు ఆరు గంటల ఎండ ఉంటే చాలు, రెండు కోరికలు పోటీ పడతాయి. ఒకటి గులాబీ, రెండోది చేతికందే ఎత్తులో కాసే పండ్ల చెట్టు. పువ్వు కావాలా పండు కావాలా అని అడిగితే జవాబు తేలదు, రెండూ కావాలనే అంటారు ఎవరైనా. అడగవలసిన ప్రశ్న వేరు. తోటపనికి మీకు ఎటువంటి తీరిక ఉంది? వారం వారం ఓ అరగంటా, ఏడాదిలో నాలుగైదు పూర్తి రోజులా? గులాబీకి మొదటి రకం తీరిక కావాలి. పొట్టి పండ్ల చెట్టుకు రెండో రకం. ఈ తేడా తెలియకుండా నాటినవాళ్ళే ఏడాది తిరిగేసరికి మొక్కను తిట్టుకుంటారు.

గులాబీ పని చిన్నదే, కానీ తెగదు. వాడిన పువ్వు తుంచాలి, రాలిన ఆకు ఏరాలి, చిగురు మీద పేనుబంక పట్టిందేమో చూడాలి, పూత పూతకూ ఎరువు వేయాలి. ఒక్కొక్కటి రెండు నిమిషాల పని. రెండు వారాలు వదిలేస్తే మాత్రం మొక్క ముఖం మారిపోతుంది. పండ్ల చెట్టు అలా కాదు. ఏడాదికి ఒకసారి కత్తిరింపు, పిందె దశలో పలచన చేయడం, కాయ పండే ముందు వల కప్పడం, ఆపై కోత. మధ్యలో నీళ్ళు పోస్తూ గమనిస్తూ ఉంటే చాలు. అయితే ఆ నాలుగు రోజులూ మీ వీలును బట్టి రావు, చెట్టు వీలును బట్టి వస్తాయి. పండు ఒక్కసారిగా ముగ్గినప్పుడు మీరు ఊళ్ళో లేకపోతే పిట్టలూ ఉడుతలూ ఉంటాయి.

రెండో తేడా ఓపికది. కుండీలో కొన్న గులాబీ నాటిన ఏడాదే పూస్తుంది. పదే పదే పూసే రకమైతే, వాడిన పువ్వును తీసేసిన ఆరేడు వారాలకు మళ్ళీ విచ్చుకుంటుంది. పొట్టి వేరు మీద అంటు కట్టిన ఆపిల్ కాపుకు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. పెద్ద చెట్టుకు పట్టే కాలంతో పోలిస్తే ఇది తక్కువే. మొదటి ఏడాది వచ్చిన పూతనో పిందెనో చేజేతులా తుంచేయాలి కూడా. వేరు నిలదొక్కుకోకముందే కాయ బరువు మోస్తే చెట్టు ఎదుగు ఆగిపోతుంది. ఈ తుంచేయడం చాలామందికి చేతులు రాని పని.

మూడోది పొరపాటుకు చెల్లించే మూల్యం. పదే పదే పూసే గులాబీలు కొత్త కొమ్మ మీద పూస్తాయి కాబట్టి కత్తిరింపు ఎంత మొరటుగా చేసినా తర్వాతి చిగురులో పువ్వు వస్తుంది. ఏడాదికి ఒక్కసారే పూసే పాతకాలపు గులాబీలు, పొడుగ్గా పాకే రాంబ్లర్లు మాత్రం వేరు. అవి ముదురు కొమ్మ మీద పూస్తాయి కనుక పూత అయ్యాకే కత్తెర పట్టాలి. పండ్ల చెట్లలో ఒక్కోదాని తీరు ఒక్కోటి. పీచ్ కిందటి ఏడాది కొమ్మ మీద కాస్తుంది. ఆపిల్ రెండేళ్ళు దాటిన కొమ్మల మీద ఏర్పడే పొట్టి రెమ్మల మీద కాస్తుంది. ఆ రెమ్మలను పనికిరాని మోడులనుకుని నరికేస్తే ఒకటి రెండేళ్ళ కాపు అక్కడితో సరి. కత్తెర చేత పట్టడం ఇదే మొదలైతే గులాబీతో మొదలుపెట్టమని నేనంటాను.

పొట్టి అంటే ఏది పొట్టి?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అంటు మొక్క అయినంత మాత్రాన పొట్టి మొక్క కాదు. అంటు కట్టడం వల్ల తల్లి చెట్టు గుణం తప్పకుండా వస్తుంది, కాపు త్వరగా వస్తుంది. ఎత్తు తగ్గుతుందా లేదా అన్నది కింద ఏ వేరుమూలం (పై రకాన్ని అంటు కట్టే కింది వేరు మొక్క) వాడారు, పైన ఏ రకం కట్టారు అనేదాన్ని బట్టి ఉంటుంది. కుండీలో రెండడుగుల మామిడి మొక్క నాలుగు కాయలు వేలాడేసుకుని కనిపిస్తుంది. అది కాపుకొచ్చిన ముదురు కొమ్మతో కట్టిన అంటు, అంతే. నేలలో నాటితే ఇంటి కప్పు దాటుతుంది.

నిజంగా పొట్టిగా ఉండే దారులు మూడున్నాయి. మొదటిది ఎదుగుదలను అదుపు చేసే వేరుమూలం. దీని చరిత్ర ఆపిల్‌తో ముడిపడి ఉంది. ఇంగ్లాండ్‌లోని కెంట్ ప్రాంతంలో 1913లో మొదలైన ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం, అప్పటికే ఐరోపాలో కలగాపులగం పేర్లతో చలామణీలో ఉన్న వేరుమూలాలను విడదీసి నంబర్లు వేసింది. లేబుల్ మీద కనిపించే 'ఎం' అక్షరం మాలింగ్‌ను సూచించేదే. నంబరుకూ ఎత్తుకూ సంబంధం లేదు, అది గుర్తుంచుకోవాలి. ఎం 27 మీద ఆపిల్ రెండు మీటర్ల లోపు ఆగుతుంది, ఎం 9 మీద రెండున్నర మూడు మీటర్లు, ఎం 26 మీద ఇంకాస్త ఎక్కువ, ఎంఎం (మాలింగ్-మెర్టన్) 106 మీద నాలుగు మీటర్ల దాకా పోతుంది. నేల సారాన్ని, పైన కట్టిన రకాన్ని బట్టి ఈ కొలతలు అటూ ఇటూ అవుతాయి. చెర్రీకి గిసెలా 5, నిమ్మ జాతికి ఫ్లయింగ్ డ్రాగన్, పియర్‌కు క్విన్స్ అనే పండ్ల చెట్టు వేరు ఇటువంటివే. పియర్ రకాలు కొన్ని క్విన్స్‌తో నేరుగా అతకవు. అలాంటప్పుడు మధ్యలో మరో రకం ముక్క పెట్టి రెండంచెల అంటు కడతారు.

ఈ పొట్టి వేర్లకు ఒక బలహీనత ఉంది. ఎం 9 వేరు పెళుసు, నేలను గట్టిగా పట్టుకోదు. కర్ర ఊతం మొదటి ఏడాదికే కాదు, చెట్టు బతికినన్నాళ్ళూ ఉండాలి. మొదలు చుట్టూ మీటరు మేర గడ్డి రాకుండా చూడాలి, ఎందుకంటే గడ్డితో నీళ్ళకు పోటీ పడే శక్తి దానికి లేదు. గాలి బలంగా కొట్టే చోట, సారం లేని ఇసుక నేలలో అతి పొట్టి వేరు ఎంచుకోవద్దు. ఒక మెట్టు పెద్దది తీసుకుని కత్తెరతో అదుపులో ఉంచుకోవడం మేలు.

రెండో దారి పుట్టుకతో పొట్టివైన రకాలు. బొనాంజా వంటి పీచ్ రకాలు ఐదారు అడుగులు మించవు. కొమ్మ దగ్గరగా చూస్తే కారణం తెలుస్తుంది. ఆకుకూ ఆకుకూ మధ్య కణుపు దూరం ఎంత తక్కువంటే ఆకులు ఒకదాని మీద ఒకటి కుచ్చులా కమ్ముకుని కొమ్మ కనపడదు. చూడముచ్చటగానే ఉంటుంది కానీ లోపలికి గాలి ఆడక తెగుళ్ళు చేరతాయి, నడిమి కొమ్మలను పలచన చేస్తూ ఉండాలి. వెచ్చని చోట్ల మామిడి కావాలనుకునేవారికి దశేరి, నీలం రకాలను సంకరం చేసి రూపొందించిన ఆమ్రపాలి ఉంది. ఏటా కాస్తుంది, మిగతా మామిళ్ళ కన్నా చిన్నగా ఉంటుంది. చిన్నగా అంటే మామిడి లెక్కలో చిన్నగా. కత్తిరింపు లేకుండా వదిలేస్తే అదీ పెరుగుతుంది.

మూడో దారి అందరూ మరిచిపోయేది. సహజంగానే పొదలా ఉండే చెట్లు. దానిమ్మ, అంజూర, నిమ్మ జాతి. వీటికి ప్రత్యేక వేరుమూలం వెతకనక్కర్లేదు, తోడు చెట్టు అక్కర్లేదు, కత్తిరింపును ఓర్చుకుంటాయి. అంజూర వేరును కుండీలోనో గోతిలోనో కట్టడి చేస్తే ఆకు తగ్గి కాపు పెరుగుతుంది. దానిమ్మలో 'నానా' అనే మరీ పొట్టి రకం చూసి ముచ్చటపడవద్దు, దాని కాయ అందానికే కానీ తినడానికి కాదు. శీతకాలం అంతగా లేని చోట మొదటి పండ్ల చెట్టుగా ఈ మూడింటిలో ఒకటి నాటమనే నా సలహా.

ఆపిల్, పీచ్, చెర్రీ వంటివి కావాలంటే ముందు చలి లెక్క చూసుకోవాలి. శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నా నుంచి ఏడు డిగ్రీల మధ్య ఉండే గంటలన్నీ కూడితే వచ్చేదే ఆ లెక్క. చాలా ఆపిల్ రకాలకు ఎనిమిది వందల నుంచి వెయ్యి గంటలు కావాలి. అది అందకపోతే చెట్టు చావదు, ఆకులు వేస్తూ ఉంటుంది, పూయదు. ఏళ్ళ తరబడి ఎదురుచూసేలా చేస్తుంది కాబట్టి చచ్చిపోవడం కన్నా ఇదే ఎక్కువ బాధ. అన్నా, డార్సెట్ గోల్డెన్ రకాలకు రెండు మూడు వందల గంటలు చాలు, ఒకదానికొకటి పుప్పొడి కూడా అందించుకుంటాయి. ఆపిల్ ఒంటరిగా నాటితే చాలా రకాలు సరిగ్గా కాయవు. అంటే ఒక చెట్టుకు జాగా చూసుకున్నవారు రెండింటికి చూసుకోవాలి, లేదా ఒకే కాండం మీద రెండు రకాలు కట్టిన అంటు కొనాలి. అందులోనూ బలమైన రకం రెండోదాన్ని మింగేయకుండా ఏటా కత్తెరతో తగవు తీర్చాలి.

గులాబీకి ఇంత లెక్క లేదు. చలి ఉంటే నిద్రపోతుంది, లేకపోతే నిద్రపోకుండానే ఏడాదంతా పూస్తుంది. అక్కడ తేల్చుకోవలసింది ఏ గులాబీ అన్నదే.

ఏ గులాబీ?

పొడవాటి కాడ, ఒక్కో కాడకు ఒక్కో పెద్ద పువ్వు, కోసి నీళ్ళలో పెట్టుకునేవి హైబ్రిడ్ టీ గులాబీలు. 1867 నాటి లా ఫ్రాన్స్‌ను వీటిలో మొదటిదిగా చెబుతారు. 1945లో బయటికి వచ్చిన పీస్ ఈ తరగతిలో అందరికీ తెలిసిన పేరు. అందం వీటిదే, అలకా వీటిదే. ఎక్కువ ఎరువు, ఎక్కువ కత్తిరింపు, ఎక్కువ తెగులు. పువ్వు లేనప్పుడు మొక్క చూడటానికి నాలుగు ముళ్ళ కర్రలు.

ఫ్లోరిబండాలు గుత్తులుగా పూస్తాయి. ఒక్కో పువ్వు చిన్నదే అయినా మొక్క నిండుగా కనిపిస్తుంది. 1958 నాటి ఐస్‌బర్గ్ ఇంకా తోటల్లో నిలిచి ఉందంటే ఊరికే కాదు. పొద గులాబీలు వీటికన్నా మొండివి. 2000లో వచ్చిన నాకౌట్ నల్లమచ్చ తెగులును తట్టుకోవడంలో పేరు తెచ్చుకుంది, వాడిన పువ్వును తుంచకపోయినా మళ్ళీ పూస్తుంది. పరిమళం ఆశించవద్దు. రుగోసా జాతి మరో రకం మొండిది. ముడతల ఆకు, ఒళ్ళంతా ముళ్ళు, పువ్వుల తర్వాత నారింజ ఎరుపులో గుండ్రటి కాయలు. ఆ కాయల్లో సి విటమిన్ దండిగా ఉంటుంది, గింజల చుట్టూ ఉండే నూగు తీసేసి తినవచ్చు. పువ్వా పండా అని తేల్చుకోలేనివారికి ఇది నవ్వుతూ ఇచ్చే జవాబు కాదు, నిజంగానే పనికొచ్చేది.

చిన్న కుండీలకు మినియేచర్లు, గోడకూ పందిరికీ తీగ గులాబీలు. తీగ గులాబీకి ఒక కిటుకు ఉంది. కొమ్మలను నిటారుగా పోనిస్తే కొసన మాత్రమే పూస్తుంది. అడ్డంగా వంచి కడితే కణుపు కణుపునా చిగురు లేచి పూస్తుంది. గోడకు ఆనించి పెంచే ఆపిల్, పియర్ చెట్లకూ ఇదే సూత్రం. కొస మొగ్గ పెత్తనం తగ్గితే పక్క మొగ్గలకు అవకాశం వస్తుంది. గోడ ఒక్కటే ఉన్నవారు ఈ రెండింటి మధ్యే తేల్చుకోవాలి. పిల్లలు తిరిగే దారి పక్క గోడైతే ముళ్ళ సంగతి ఆలోచించండి. ముళ్ళు లేని తీగ గులాబీగా పేరున్న జెఫిరిన్ ద్రూఎన్ 1868 నుంచీ ఉంది, కానీ దానికి నల్లమచ్చ ఇట్టే పడుతుంది. అటువంటి చోట గోడకు కట్టిన పండ్ల చెట్టుకే నా ఓటు.

ఒకే కుటుంబం, ఎదురెదురు పద్ధతులు

గులాబీ, ఆపిల్, పియర్, పీచ్, చెర్రీ అన్నీ ఒకే వృక్ష కుటుంబానివి. దాంతో కొన్ని కష్టాలు ఉమ్మడి. ముసలి గులాబీ పీకిన గోతిలోనే కొత్త గులాబీ పెడితే, లేదా ఆపిల్ పోయిన చోటనే ఆపిల్ పెడితే, మొక్క కారణం తెలియకుండా గిడసబారిపోతుంది. ఈ దాయాదుల్లో ఒకటి ఉన్న చోట మరొకటి నాటకపోవడమే నయం. తప్పనిసరైతే గోతి మట్టి అంతా మార్చాలి. ఒకటి పోతే దాని స్థానంలో రెండోది అనుకునేవారు నిమ్మనో దానిమ్మనో అంజూరనో చూసుకోవచ్చు, అవి ఈ కుటుంబం కావు.

నాటే లోతులో మాత్రం రెండూ ఎదురెదురు. అంటు కట్టిన చోట కాండం మీద ఓ బొడిపె ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట గులాబీని ఆ బొడిపె నేలలో మునిగేలా నాటుతారు, పైభాగం మంచుకు మాడిపోయినా లోపలి నుంచి మళ్ళీ లేస్తుందని. వెచ్చని చోట నేలకు కాస్త పైన ఉంచుతారు. పొట్టి పండ్ల చెట్టుకు ఏ వాతావరణంలోనైనా ఆ బొడిపె మట్టికి నాలుగు వేళ్ళ పైనే ఉండాలి. మట్టి తగిలితే పైన కట్టిన కొమ్మ సొంత వేర్లు వేసుకుంటుంది, కింది పొట్టి వేరుతో పనిలేకుండా పోయి చెట్టు ఏపుగా ఎత్తుకు ఎదుగుతుంది. పాదు చేసేటప్పుడు ఎగదోసిన మట్టి, కుప్పగా పోసిన ఎండుటాకులు కూడా ఈ పని చేయగలవు.

బొడిపె కింద నుంచి, అంటే వేరుమూలం నుంచి, లేచే పిలకలు రెండింటికీ వస్తాయి. గులాబీకి ఏడాకుల రెమ్మ వస్తే అది పిలకే అని చెబుతుంటారు. నమ్మవద్దు, మంచి రకాలకూ ఏడాకులు ఉంటాయి. మట్టి తవ్వి అది ఎక్కడ పుట్టిందో చూడటమే పరీక్ష. కింద పుట్టి ఉంటే కత్తిరించకుండా మొదలంటా లాగి పీకాలి, కత్తిరిస్తే మళ్ళీ నాలుగు లేస్తాయి.

మందుల సంగతి

రెండూ పక్కపక్కన పెంచాలనుకుంటే నిర్ణయం మొత్తం ఇక్కడే ఉంది. గులాబీల కోసం అమ్మే మందులు చాలావరకు అలంకరణ మొక్కలకే ఉద్దేశించినవి. ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక (మొక్క లోపలంతా పాకే) పురుగుమందు గుళికలు గులాబీ మొదట్లో వేస్తే నీళ్ళతో పాటు పక్క చెట్టు వేరుకూ అందుతాయి, పువ్వు పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. పండ్ల చెట్టుకు పిందె కట్టించే తేనెటీగకు అది విషం. మీరు తినే కాయలోకి చేరితే ఏమిటన్నది వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి పండ్ల చెట్టు పక్కన గులాబీ ఉండాలంటే అది మందు అడగని గులాబీ అయి ఉండాలి. రుగోసా, తెగులు తట్టుకునే పొద రకాలు సరిపోతాయి. హైబ్రిడ్ టీ మీద మోజు ఉంటే వాటిని పండ్ల చెట్టుకు దూరంగా, వేరే పాదులో, వీలైతే కుండీల్లో పెట్టండి.

మందు అవసరం తగ్గించేది నీళ్ళు పోసే పద్ధతి. నల్లమచ్చ శిలీంధ్రం మొలకెత్తాలంటే ఆకు దాదాపు ఏడు గంటలు తడిగా ఉండాలి. పొద్దున్నే మొదట్లో నీళ్ళు పోస్తే, ఆకు మీద పడ్డ చుక్క కూడా ఎండకు ఆరిపోతుంది. సాయంత్రం పైనుంచి చల్లితే తెల్లవార్లూ తడే. అంచులు చెదిరిన నల్ల మచ్చ, చుట్టూ పసుపు కనిపించిన ఆకును తుంచి చెత్తలో వేయండి, ఎరువు గుంటలో కాదు. బూడిద తెగులుకు తడితో పనిలేదు. పగలు పొడి, రాత్రి చెమ్మ చాలు. దానికి మొక్కల మధ్య గాలి ఆడే ఎడమే మందు. వేప నూనె, గంధకం పిచికారీ చేయాలంటే ఎండ చల్లబడ్డాకే, లేకపోతే ఆకు మాడుతుంది.

ఎరువు కూడా ఇద్దరికీ ఒకటే వేయవద్దు. పదే పదే పూసే గులాబీకి ఆకలెక్కువ. అదే మోతాదు నత్రజని పండ్ల చెట్టుకు అందితే ఏపుగా ఆకు వేసి కాపు మరిచిపోతుంది, లేత చిగుళ్ళకు పేనుబంక వరుస కడుతుంది. చెట్టుకు నీళ్ళు మాత్రం నిలకడగా అందాలి. చాలాకాలం ఎండగట్టి ఒక్కసారి ముంచెత్తితే దానిమ్మ, నిమ్మ, చెర్రీ కాయలు పగులుతాయి.

కుండీలే గతి అయితే మినియేచర్ గులాబీకి పది లీటర్ల కుండీ చాలు. పొట్టి చెట్టుకు నలభై యాభై లీటర్లు కావాలి, రెండు మూడేళ్ళకోసారి బయటికి తీసి అంచు వేర్లు కత్తిరించి మట్టి మార్చాలి. ఆ బరువు ఎత్తడానికి ఇద్దరు మనుషులు లేకపోతే కుండీ చెట్టు జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఎండ ఆరు గంటలు లేక నాలుగే ఉంటే పండ్ల చెట్టు మానేయండి. కాసినా తీపి పట్టదు. నీడను కొంత ఓర్చుకునే పొద గులాబీలు దొరుకుతాయి. తరచూ ఇల్లు వదిలి వెళ్ళేవారికి దానిమ్మ నయం. రోజూ సాయంత్రం పెరట్లో తిరగడమే ఆనందమైతే గులాబీ ఆ తిరుగుడుకు ఏదో ఒక పని చూపిస్తుంది. జాగా మూడు మీటర్ల చదరం ఉంటే మధ్యలో ఒక పొట్టి చెట్టు, ఎండ వైపు అంచున రెండు మూడు పొద గులాబీలు, వాటి మధ్య ఒక్కో మీటరు ఎడం. నాకు నచ్చిన కూర్పు ఇదే.

కొనేటప్పుడు పూలూ కాయలూ చూసి కొనకండి. కుండీ అడుగు రంధ్రాల నుంచి వేర్లు చుట్టలు చుట్టుకుని బయటికి వస్తున్నాయా, అంటు బొడిపె శుభ్రంగా మానిందా, గులాబీకైతే మొదట్లోంచి కనీసం మూడు బలమైన కొమ్మలు ఉన్నాయా చూడండి. పండ్ల చెట్టు లేబుల్ మీద రకం పేరుతో పాటు వేరుమూలం పేరు ఉండాలి. లేకపోతే అడగండి. 'పొట్టి రకమేనండీ' అన్న మాట తప్ప మరో జవాబు రాకపోతే ఆ మొక్క అక్కడే దించేసి ఇంకోటి చూసుకోండి.